రైసినాకొండ మీది ఇల్లు: అతిథిభాగములోని గృహస్థులు

పెద్ద ఇండ్లను గూర్చి వ్రాయువారు తరచుగా గోడలను గూర్చి వ్రాసి ఊరకుందురు. ఆ గోడల నడుమ దీపమెవరు వెలిగించిరి, నిద్రపట్టని రాత్రి ఎవరు ఏ వసారాలో పచారు చేసిరి, చుట్టము వచ్చిన దినమున ఇంటివారు ఏ గదికి జరిగిరి అన్న సంగతులు వారికి చరిత్రగా తోపవు. ఢిల్లీలోని రాష్ట్రపతి భవనమును గూర్చి పుట్టిన వాఙ్మయములో అధికభాగము ఈ లోపమునకు ఉదాహరణము. రాళ్ల లెక్క కలదు. ఇటుకల లెక్క కలదు. గదులు 340 అని బడిపిల్లలు కూడ చెప్పగలరు. ఆ మూడువందల నలుబది గదులలో రాష్ట్రపతి ఏ భాగమున నివసించునని అడిగినచో చదువుకొన్నవారు సైతము తడుముకొందురు. ఆ చిన్న ప్రశ్నకు గల సమాధానములోనే ఆ ఇంటి చరిత్రకు తాళపుచెవి యున్నదని నా అభిప్రాయము.

మన సంచికలో ఢిల్లీ భవనమునకు చోటేల యని కొందరు అడుగవచ్చును. ఆ ఇంట కాపురమున్న రాష్ట్రపతులలో ముగ్గురు తెలుగు కుటుంబములలో పుట్టినవారు. వారిలో ఇద్దరి జన్మస్థానములు నేడు తెలుగు రాష్ట్రములలో లేవు. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1888లో తిరుత్తణిలోను, వరాహగిరి వెంకటగిరి గారు 1894లో బరంపురములోను జన్మించిరి. అప్పటికి ఆ రెండు ఊళ్లును మద్రాసు రాజధానిలోనివే. 1936లో బరంపురము ఒడిశాలో చేరెను. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశమునుండి మద్రాసు రాష్ట్రమునకు పోయెను. రాధాకృష్ణన్ గారు అప్పుడు ఉపరాష్ట్రపతి. ఊరు కదలలేదు, పొలిమేర కదలినది. మనలను ప్రవాసాంధ్రులని పిలుచుట వాడుకయైనది గాని, ఆ మాట నాకెన్నడును రుచింపలేదు. అయిదారు తరములుగా ఒకే వీధిలో నున్నవారు ఏ దేశమునకు ప్రవాసము వచ్చినట్లు? ఒకరు కట్టిన ఇంట మరియొకరు ఇంటివారుగా నుండుట యెట్లు అన్న ప్రశ్న మనకు పుస్తకములలోనిది గాదు. అందుచేతనే రైసినాకొండ మీది ఇంటిని నేను ఆ కన్నుతో చదువుచున్నాను.

ఆ ఇల్లు పుట్టిన కథ సుప్రసిద్ధము. 1911 డిసెంబరు 12న ఢిల్లీ దర్బారులో అయిదవ జార్జి చక్రవర్తి రాజధానిని కలకత్తానుండి ఢిల్లీకి మార్చుచున్నట్లు ప్రకటించెను. రైసినా, మాల్చా మొదలగు పల్లెల భూములను ప్రభుత్వము స్వాధీనపరచుకొనెను. కొండమీద వైస్రాయి గృహమును ఎడ్విన్ లట్యెన్సు, దాని ముందర ఇరుప్రక్కల సచివాలయములను హెర్బర్టు బేకరు నిర్మించిరి. ఈ ఇద్దరు మిత్రులకును ఒక వాలు విషయమున వైరము వచ్చెను. తూర్పునుండి రాజమార్గమున వచ్చువానికి ఇల్లు మొదట దూరమున కనబడును. కొండ నెక్కుచున్నకొలది మరుగుపడును. గోపురము మాత్రము మిగులును. వాలును తగ్గింపుమని లట్యెన్సు ఎంత మొత్తుకొన్నను వినువారు లేకపోయిరి. వాటర్లూ యుద్ధమును తలచుకొని, ఈ పరాజయమునకు 'బేకర్లూ' అని ఆయన పేరుపెట్టుకొనెను. శిల్పశాస్త్రజ్ఞులు దీనిని వేడుకగా చెప్పుకొందురు. నాకు మాత్రము ఇందులో కొంత శకునము కనబడుచున్నది. దగ్గరకు వచ్చుచున్నవానికి ముఖము చాటువేయు ఇల్లది.

కట్టుటకు సుమారు పదునేడేండ్లు పట్టిన ఆ గృహము వైస్రాయిలకు నివాసముగా నున్నది పదునెనిమిదేండ్లు మాత్రమే. ఇర్విన్ మొదలు మౌంట్‌బాటెన్ వరకు అయిదుగురు. ఇర్విన్ ప్రభువు గృహప్రవేశమునకై 1929 డిసెంబరు 23న వచ్చుచుండగా ఢిల్లీ సమీపమున ఆయన రైలు క్రింద బాంబు పేలెను. ఆయనకు గాయము తగులలేదు గాని, ముహూర్తబలము ఎట్టిదో మన పెద్దలు చెప్పగలరు.

లట్యెన్సు ఆ ఇంటి కుర్చీలను, దీపములను కూడ తానే కల్పించెను. పిల్లల గదికి ఆయన చేసిన దీపములలో పగిలిన కోడిగ్రుడ్డు ఆకారములుండెను. కారుచున్న పచ్చసొన స్థానమున విద్యుద్దీపము వెలుగును. సామ్రాజ్యమంతటి గాంభీర్యముతో కట్టిన ఆ భవనమున నాకు మిక్కిలి నచ్చిన వస్తువులు ఇవియే. వైస్రాయిలకు ఏమి కావలెనో ఆ శిల్పి ఊహించెను. పిల్లలకు ఏమి కావలెనో ఎరిగియుండెను. ఆయన తరువాత వెల్లింగ్డన్ దొరసాని వచ్చి, తనకు ప్రియమైన ఊదారంగును ఇల్లంతయు పరపించెను. లట్యెన్సు మండిపడెను. లిన్లిత్‌గో ప్రభువు కాలమున ఆయనను మరల పిలిపించి, చెడిన అలంకారములను సరిచేయించిరి. లట్యెన్సును కొనియాడు గ్రంథకర్తలందరును ఈ సందర్భమున ఆ దొరసానిని ఎగతాళి చేయుదురు. ఆమె అభిరుచిని నేను సమర్థింపను. అయినను, ఇల్లు కట్టినవానిది ఒక హక్కు, ఇంట కాపురము చేయువారిది మరియొక హక్కు. కాపురమున్నవారు గోడకు రంగు మార్చుకొనరాదన్నచో అది ప్రదర్శనశాలయగునుగాని ఇల్లు గాదు.

ఈ మొదటి కాలమును గూర్చి మంచి గ్రంథములకు కొదువ లేదు. రాబర్ట్ బైరన్ 1931లోనే ఆ కట్టడమును ప్రశంసించుచు వ్రాసెను. రాబర్ట్ గ్రాంట్ ఇర్వింగ్ 1981లో ప్రకటించిన 'ఇండియన్ సమ్మర్' నేటికిని ప్రామాణికము. బేకర్లూ కథను అంత చక్కగా వివరించిన గ్రంథము అరుదు. కాని ఆ చరిత్రలకు నాయకుడు శిల్పి. తాపీ దించిన నాడే వారి కథకు మంగళము. మనకు కావలసిన కథ అక్కడనే మొదలగును.

వైస్రాయిల నాటి దృశ్యములలో ఒకదానిని మాత్రము విడువరాదు. 1931 ఫిబ్రవరిలో గాంధీజీ చెరసాలనుండి వెలువడి, ఆ కొత్త ఇంటి మెట్లెక్కి ఇర్విన్‌తో సమముగా కూర్చుండి మాటలాడిరి. ఒడంబడిక మార్చి 5న కుదిరెను. ఆ మెట్లమీద ఆ కొల్లాయిగుడ్డ కనబడుటయే చర్చిలునకు దుస్సహమైనది. ఆయన నిండుసభలో తన రోతను వెళ్లగ్రక్కెను. ఒక విధముగా చర్చిలు సరిగనే గ్రహించెను. ఏ మనిషిని చిన్నవానిని చేయుటకై ఆ మెట్లు కట్టబడినవో ఆ మనిషి వానిని మామూలు మెట్లవలె ఎక్కెను. తరువాత స్వాతంత్ర్యము వచ్చిన తరుణమున ఆ ఇంటిని ఆసుపత్రిగా మార్చవలెనని గాంధీజీ కోరిరి. అది జరుగలేదు. ఇల్లు ఇల్లుగనే మిగిలెను. ఇక అందులో ఎట్లుండవలెను?

దీనికి ఉత్తరమిచ్చినవారు రాజాజీ. 1948 జూన్ 21న చక్రవర్తి రాజగోపాలాచారి గారు గవర్నరు జనరలు పదవిని స్వీకరించిరి. వైస్రాయి దంపతుల గదుల వైభవము తమకు సరిపడదని తలచి, వానిని విడిచి, అతిథులకై కట్టిన చిన్నభాగములోనికి వారు తమ నివాసమును మార్చుకొనిరి. వైస్రాయి గదులు అతిథులవైనవి. తరువాతి రాష్ట్రపతులు ఆ మార్గమునే అనుసరించిరి. విదేశములనుండి వచ్చు దేశాధినేతలను ఆ పెద్దగదులలో దింపుట ఆచారమైనది. అనగా యజమాని అతిథుల గదులలో నుండును. అతిథి యజమాని గదులలో నుండును.

ఇది మనకు కొత్త సంగతియా? కొత్త అల్లుడు వచ్చిన రాత్రి నడిమింటి పందిరిమంచము అతనికి వేసి, ఇంటిపెద్ద వీధి అరుగుమీద చాప పరచుకొనుట మన ఇండ్లలో చూచినదే. అరుగుమీద పండుకొన్నంతమాత్రమున ఆయన పెద్దరికము తగ్గినదని ఎవ్వరును అనుకొనరు. రాజాజీ చేసినది ఆ అరుగు వ్యవహారమే. రాతిని చెక్కలేదు, గోడను కూల్చలేదు, రంగును కూడ మార్చలేదు, పక్క మార్చిరి. వెల్లింగ్డన్ దొరసాని ఇల్లంతయు రంగు పులిమినను సాధింపలేని మార్పు దీనితో వచ్చెను.

దీనికి ఎదురువాదము లేకపోలేదు. 340 గదుల ఇంట ఒక మూలనుండి మరియొక మూలకు జరుగుట ఏమి త్యాగము? సేవకజనము తగ్గలేదు, తోటలు తగ్గలేదు, ఖర్చు తగ్గలేదు అని కొందరందురు. పొదుపు దృష్టితో చూచినచో ఆ మాట నిజమే. ఆహారపు కొరత దినములలో రాజాజీ తోటలోని నేలను దున్నించి గోధుమ పండించిరి. పత్రికలకు అది మంచి వార్త. కాని ఆ పైరు ఒక కాలమునకు చెందినది. గది మార్పు మాత్రము ఏడు దశాబ్దములు దాటి నిలిచినది. దానిని గూర్చి అధికారగ్రంథములలో ఒకటి రెండు వాక్యములకంటె కనబడవు. విమర్శకునిగా నా ఫిర్యాదు ఇదియే: గోధుమలకు ఇచ్చినంత చోటు పడకగదికి ఇయ్యలేదు.

1950 జనవరి 26న దర్బారు హాలులో రాజేంద్రప్రసాదు గారు ప్రమాణము చేసిరి. వైస్రాయి దంపతుల సింహాసనములున్న ఆ హాలులో గుప్తుల నాటి బుద్ధవిగ్రహము వెలసినది. రాజేంద్రబాబు పండ్రెండేండ్లు, అనగా 1962 మే వరకు, ఆ ఇంట నుండిరి. మరి యే రాష్ట్రపతియు అంతకాలము ఉండలేదు. మొగలు తోటను ఏటేట సామాన్యజనులు చూచుటకు తలుపులు తెరచినది వారే. పదవి ముగియగానే పాట్నాలోని సదాకత్ ఆశ్రమమునకు తిరిగిపోయిరి. ఆ ఆశ్రమమునుండి బయలుదేరి మరల ఆ ఆశ్రమమునకే చేరిన మనిషికి నడుమ నున్న పండ్రెండేండ్ల మజిలీ ఎంత పెద్దదైనను మజిలీయే.

వారి తరువాత వచ్చిన రాధాకృష్ణన్ గారి భార్య శివకామమ్మగారు 1956లోనే గతించిరి. కావున 1962 నుండి 1967 వరకు ఆ ఇంట గృహిణి లేదు. మంచముమీద ఒరగి చదువుట, వ్రాయుట వారికి చిరకాలపు అలవాటు. ఒక మంచము, ఒక దీపము, చుట్టును పుస్తకములు: అంతటితో సరిపోవు మనిషికి కొండంత ఇల్లు లభించెను. ఆ అయిదేండ్లలో బయటి లోకము మాత్రము ఆ ఇంటి గుమ్మమును ఊరక విడువలేదు. చైనా దండయాత్ర జరిగెను. 1964 మే 27న నెహ్రూ, 1966 జనవరి 11న లాల్‌బహదూర్ శాస్త్రి మరణించిరి. గుల్జారీలాల్ నందా చేత రెండుమారులు, శాస్త్రి చేత, ఇందిరాగాంధీ చేత ప్రధానిగా ప్రమాణము చేయించిన రాష్ట్రపతి ఆయనయే.

ఆయన జీవితచరిత్రను కుమారుడు సర్వేపల్లి గోపాల్ 1989లో ప్రకటించిరి. ఇది తెలుగువారు గర్వింపదగిన గ్రంథము. కుమారుడు తండ్రి లోపములను దాచలేదు. మన జీవితచరిత్రలలో తండ్రులందరును దేవతలే యగుట మనకు తెలిసినదే గదా! అయినను, రాష్ట్రపతికాలమునకు వచ్చునప్పటికి గోపాల్‌లోని చరిత్రకారుడు ముందుకు వచ్చి, కుమారుడు వెనుకకు తగ్గుచున్నాడు. యుద్ధము, మంత్రివర్గము, నెహ్రూతో చెడిన పొత్తు వీనికి దక్కిన స్థానము ఇంటి ముచ్చటలకు దక్కలేదు. ఇంటిలోని విషయములు ఎరిగినవాడు వ్రాయుచున్నప్పుడు కూడ ఇల్లు మాటుపడుట చూడగా, బేకర్లూ వాలు గుర్తునకు వచ్చుచున్నది.

హైదరాబాదులో 1897లో పుట్టిన జాకీర్ హుసేన్ గారు గులాబీల ప్రియులు. పదవిలోనుండగా మరణించిన మొదటి రాష్ట్రపతి వారే. 1969 మే 3న ఆ భవనముననే కన్నుమూసిరి. పిమ్మట జరిగిన ఎన్నికలో ఒకే ఇంటికై ఇద్దరు తెలుగువారు పోటీపడిరి. నీలం సంజీవరెడ్డి గారు కాంగ్రెసు పక్షమున, గిరిగారు స్వతంత్రముగ నిలిచిరి. మొదటి ప్రాధాన్యపు ఓట్లతో తేలక, రెండవ ప్రాధాన్యపు ఓట్లను లెక్కింపగా గిరిగారు గెలిచిరి. ఆ ఎన్నికపై వ్యాజ్యము రాగా, 1970లో పదవిలో నుండియే వారు సుప్రీముకోర్టునకు స్వయముగా పోయి సాక్ష్యమిచ్చిరి. కొండ దిగి బోనెక్కుటకు సిద్ధపడిన ఆ సంఘటన, ఆ ఇంటి విందులన్నిటికంటె నాకు విలువైనదిగా తోచుచున్నది. గిరి దంపతులది పదునలుగురు సంతానముగల పెద్దకుటుంబము. బరంపురపు తెలుగు ఇల్లు రైసినాకొండమీద ఎట్లు సర్దుకొన్నదో ఆ ఇంటి ఆడువారెవరైన వ్రాసియుండిన ఎంత బాగుండెడిది!

ఆ భవనపు లోపలి జీవితమును గూర్చి దేశమంతయు ఎరిగిన చిత్రము మాత్రము ఒకటి కలదు. అది ఏ దస్తావేజులోనిదియు గాదు. 1975 జూన్ 25 రాత్రి ఫక్రుద్దీన్ అలీ అహమ్మదు గారు అత్యవసరపరిస్థితి ప్రకటనపై సంతకము చేసిరి. ఆ డిసెంబరులో అబూ అబ్రహాం ఒక వ్యంగ్యచిత్రము గీసెను. రాష్ట్రపతి స్నానపుతొట్టిలో నుండియే సంతకము చేసిన కాగితమును తలుపు సందునుండి అందించుచు, ఇంకేమైన ఉన్నచో కొంచెము ఆగుమని చెప్పుచుండును. అది కల్పన. కాని దానికి గల పదునునకు కారణము చూడుడు: గోడలను వర్ణించు గ్రంథములన్నియు బయటనే నిలిచిపోగా, ఆ చిత్రకారుడు ఒక్క గీతతో ఇంటిలోనికి, అందును స్నానపుగదిలోనికి ప్రవేశించెను. ఏకాంతమునకు మిగిలిన చివరి గదిలో కూడ అధికారము చేయిచాచి కాగితము నడుగుచున్నదని చూపెను. ఆ ఇంటిపై వెలువడిన విమర్శలలో దీనికి సాటియైనది నేనెరుగను.

1977లో సంజీవరెడ్డి గారు ఏకగ్రీవముగా ఎన్నికై వచ్చిరి. స్వాతంత్ర్యము వచ్చి ముప్పదియేండ్లు నిండిన సందర్భమున, తాము ఆ భవనమును విడిచి చిన్న ఇంటికి మారుదుమనియు, జీతములో నూటికి డెబ్బది పాళ్లు వదలుకొందుమనియు ప్రకటించిరి. ఇల్లు మారుట మాత్రము జరుగలేదు. 1982 జూలై వరకు అక్కడనే ఉండిరి. వారి మాటలోని నిజాయితీని నేను శంకింపను. అనంతపురపు రైతుబిడ్డకు ఆ ఇల్లు ఇరుకుగా తోచుట సహజమే. కాని, ఇల్లు విడువబూనిన ప్రయత్నము నెరవేరక, గది మార్చిన ప్రయత్నము నిలిచినది. 1989లో వారు ప్రకటించిన స్మృతులు గాని, 1994లో వెంకట్రామన్ గారు వెలువరించిన 'మై ప్రెసిడెన్షియల్ ఇయర్స్' గాని పదవిని గూర్చిన గ్రంథములు. కాపురమును గూర్చినవి గావు. వెంకట్రామన్ గారి పుస్తకమున ప్రధానుల రాకపోకలు, వ్రాతకోతలు విస్తారముగ కలవు. రాజ్యాంగశాస్త్ర విద్యార్థికి అది గని. ఇల్లు వెదకువానికి మిగులునది తక్కువ.

దిగిపోయిన తరువాత వీరు ఎక్కడ కుదురుకొనిరో గమనింపదగినది. రాధాకృష్ణన్ గారు మద్రాసు మైలాపూరులోని తమ 'గిరిజ' యను ఇంటికి చేరిరి. ఆ ఎడ్వర్డ్ ఇలియట్స్ రోడ్డునకే తరువాత వారి పేరు వచ్చినది. గిరిగారు 1980 జూన్ 24న మద్రాసులోనే కాలధర్మము చెందిరి. సంజీవరెడ్డి గారు అనంతపురమునకు మరలి, 1996 జూన్ 1న బెంగుళూరులో మరణించిరి. రాష్ట్రముల ఎల్లలు గీసినవారి లెక్క ఎట్లున్నను, ఆ ముగ్గురి కడపటి దినములు మనవంటి తెలుగువారున్న నగరములతోనే ముడిపడినవి.

ఇంటిలోని జీవితము కొంతయైన దొరకు పుస్తకము ఒకటున్నది. అబ్దుల్ కలాం గారికి కార్యదర్శిగా పనిచేసిన పి.ఎం. నాయర్ 2008లో ప్రకటించిన 'ది కలాం ఎఫెక్ట్'. భక్తి పాలు హెచ్చు; నాయకుని తప్పు పట్టవలసినచోట రచయిత కలము జంకును. అయినను వారి మూలమున మనకు తెలిసిన ఒక లెక్క కలదు. 2006లో కలాం గారి బంధువులు ఏబదిమందికి పైగా వచ్చి కొన్ని దినములు ఆ భవనమున విడిసిరి. వారి బసకు, భోజనమునకు అయిన సుమారు మూడున్నర లక్షల రూపాయలను కలాం గారు తమ సొంత ధనమునుండి చెల్లించిరి. సొంత ఇంటికి చుట్టములు వచ్చినచో బిల్లు కట్టు గృహస్థుడెవడు? తాను కూడ అందు అతిథినేయని ఎరిగినవాడు. రాజాజీ గది మార్చి చెప్పిన మాటనే కలాం గారు రసీదుపై చెప్పిరి. నాయర్ గారు చేసిన స్తోత్రమంతయు మరచినను ఈ రసీదు మనస్సును వీడదు.

ప్రణబ్ ముఖర్జీ గారి కాలమున ఆ భవనమును గూర్చి ఒక గ్రంథమాలయే వెలువడినది. భోజనశాలకొక పుస్తకము, తోటకొకటి, కళాలంకరణములకొకటి. ముద్రణ మనోహరము, బరువు కూడ తక్కువ గాదు. వానిలో అమితా బావిస్కర్ సంపాదకత్వమున వచ్చిన తోట పుస్తకమును నేను మేలైనదిగా ఎంచుదును. పూలను చూచి పోవువారినే గాక, అక్కడ పని చేయువారిని కూడ అది లెక్కకు తెచ్చినది. ఆ ఆవరణము సిబ్బంది కుటుంబములు నివసించు ఒక ఊరు. దానికి బడి కూడ కలదు. 2015లో ముఖర్జీ గారు ఆ బడిలో పిల్లలకు పాఠము చెప్పిరి. మొగలు తోట 2023లో అమృత ఉద్యానమైనది. దర్బారు హాలు, అశోకా హాలు 2024లో గణతంత్ర మండపము, అశోక మండపములైనవి. పేర్ల మార్పునకు పత్రికలలో ఎంత రభస జరిగెను! ఒక్క పేరైన మార్చక 1948లో జరిగిన మార్పును ఆ రభసలో తలచినవారిని నేను చూడలేదు.

రాష్ట్రపతికి మన తెలుగునేలమీద కూడ ఒక బస కలదు. సికింద్రాబాదు సమీపమున బొల్లారములోని రాష్ట్రపతి నిలయము. 1860లో కట్టిన ఒంటి అంతస్తు ఇల్లు, గదులు పదకొండు, చుట్టును సుమారు 90 ఎకరముల తోట. ఏడాదికొకమారు, సాధారణముగా చలికాలమున, రాష్ట్రపతి అక్కడ కొన్ని దినములుందురు. ఢిల్లీ భవనముతో పోల్చినచో దీనిని గూర్చి వ్రాసినవారు బహు తక్కువ. అందుచేత దీనిపై అబద్ధములు కూడ తక్కువ. వంటశాల వేరుగ నున్నది. అక్కడనుండి భోజనపు గదికి నేలక్రింద ఒక సొరంగముండెను; వడ్డించువారు పళ్లెరములతో అతిథుల కంటబడక ఆ దారిని వచ్చెడివారు. 2023 మార్చినుండి ఆ నిలయమును సంవత్సరము పొడవునను ప్రజలు చూడవచ్చును. సొరంగపు గోడలకు చేర్యాల బొమ్మలు వేయించిరి. ఇప్పుడు టిక్కెట్టు కొన్నవారు పిల్లలను వెంటబెట్టుకొని, వంటవారు నడచిన ఆ దారినే భోజనపు గదివైపు నడచుచున్నారు.